ఒక్క ఊదారంగు ఫొటో కోసం 92 రోజులు: నా అనుభవం

నవంబర్ 9న మొదలుపెట్టాను, ఫిబ్రవరి 8న నాకు కావలసిన ఫొటో వచ్చింది. మధ్యలో తీసినవి 11,400. ఉంచుకున్నవి 52. ఈ లెక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే పెరట్లో చెట్లున్నాయి, చేతిలో కెమెరా ఉంది, పిట్టలు వాటంతటవే వస్తున్నాయి, ఇంకేం కావాలి అనుకునే నేనూ దిగాను.

నాకు కావలసింది మగ ఊదా తేనెపిట్ట. తోక నుంచి ముక్కు దాకా కొలిచినా పది సెంటీమీటర్లు ఉండదు. దూరం నుంచి చూస్తే బొగ్గుముక్క. ఎండ సరిగ్గా పడిన ఆ అర క్షణం మాత్రం ఊదా, నీలం, ఆకుపచ్చ అన్నీ ఒకేసారి మెరుస్తాయి. కిందటేడు ఫోన్‌తో తీస్తే ఆకుల మధ్య నల్ల మచ్చ ఒకటి వచ్చింది. ఈ చలికాలం పట్టుకుని తీరాలని అప్పుడే అనుకున్నాను.

మొదటి రోజు ఆరుంబావుకి లేచి పెరట్లో కుర్చీ వేసుకున్నాను. మంచుకి కుర్చీ తడిసి ఉంది, తుడవకుండా కూర్చున్నాను. అది మొదటి పాఠం. రెండోది, సూర్యుడు మా ప్రహరీగోడ దాటి పైకి రావడానికి 7:40 అయింది. అప్పటిదాకా ఉన్న వెలుతురులో కెమెరా షట్టర్ వేగం సెకనులో అరవయ్యో వంతు (1/60) కంటే పైకి పోనంటోంది. పిట్ట తల తిప్పితే చాలు, ముఖం అలుక్కుపోతోంది. పైగా చలికి నా ఊపిరే వ్యూఫైండర్ మీద ఆవిరిపట్టి ఏమీ కనిపించడం లేదు. ఫొటో నొక్కే ముందు ఊపిరి బిగబట్టడం మొదట్లో చెయ్యి వణక్కుండా అనుకున్నాను. నిజానికి అద్దం మసకబారకుండా.

ఎనిమిదింటికి కాస్త ఎండ వచ్చింది, రెండు పికిలిపిట్టలు జామచెట్టు మీద వాలాయి. సరిగ్గా అప్పుడే అమ్మ పైపు పట్టుకుని మొక్కలకి నీళ్ళు పెట్టడానికి వచ్చింది. అంతే, రెండూ తుర్రుమన్నాయి.

"అమ్మా, నేను ఫొటోలు తీసుకునేదాకా నీళ్ళు పెట్టకే."

"ఎప్పటిదాకారా?"

"పదింటిదాకా."

"సరే, నీ ఇష్టం," అని పైపు చుట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

మొదటి వారంలో 640 ఫొటోలు తీశాను. వాటిలో తోకలు చాలా ఉన్నాయి. ఖాళీ కొమ్మలు ఇంకా ఎక్కువ. ఒక ఆకు మీద మాత్రం అద్భుతమైన ఫోకస్ కుదిరింది, పిట్ట దాని వెనకాల మసగ్గా ఉంది. ఆకుల గుబురులో కెమెరా తనంతట తాను ఫోకస్ చేసుకునేలా వదిలేస్తే దగ్గరున్న ఆకునే పట్టుకుంటుంది. ఫోకస్ పాయింట్ ఒక్కటే పెట్టుకుని, దాన్ని పిట్ట కంటి మీద ఆనించడం అలవాటు కావడానికి నాకు రెండు వారాలు పట్టింది. కన్ను స్పష్టంగా ఉంటే తోక మసకైనా ఫొటో నిలబడుతుంది, కన్ను పోతే మిగతాదంతా ఉన్నా తీసెయ్యాల్సిందే. షట్టర్ 1/1000 కంటే తగ్గించకూడదని కూడా ఆ వారంలోనే అర్థమైంది. చిన్న పిట్టలు కూర్చున్నప్పుడు కూడా కుదురుగా కూర్చోవు. దానికోసం వెలుతురుకి కెమెరా స్పందనని పెంచే ఐఎస్‌ఓ 3200కి పెంచితే ఫొటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు వచ్చాయి. చుక్కలున్న ఫొటోని తర్వాత కాస్త బాగుచేసుకోవచ్చు, కదిలిపోయినదాన్ని ఏమీ చెయ్యలేం. అందుకని చుక్కలతో రాజీపడ్డాను.

ఇక అందరిలాగే నేనూ లెన్స్ మీద పడ్డాను. నా దగ్గరున్నది 55-250 మిల్లీమీటర్ల లెన్స్, ఆ అంకె పెద్దదైనకొద్దీ దూరంగా ఉన్నది పెద్దగా వస్తుంది. పిట్ట చిన్నగా వస్తోందంటే లెన్స్ చిన్నదనే కదా అనుకుని, నవంబర్ 17 నుంచి వారం రోజులకి 150-600 లెన్స్ అద్దెకు తెచ్చాను. అద్దె కంటే డిపాజిట్ గుండె గుభేలుమనిపించింది. బరువు దాదాపు రెండు కిలోలు. చేత్తో పట్టుకుని పది నిమిషాలు పిట్ట కోసం ఎదురుచూస్తే, పిట్ట వచ్చే సమయానికి చెయ్యి దిగిపోతుంది. ట్రైపాడ్ మీద పెడితే, పిట్ట పక్క కొమ్మ మీదికి గెంతేసరికి నేను ఇంకా మరలు వదులు చేస్తూ ఉంటాను. ఇంతకన్నా పెద్ద ఆశ్చర్యం నాలుగో రోజు ఎదురైంది. పిట్ట నాకు రెండు మీటర్ల దూరంలో మందారం మీద వాలింది, ఎంత నొక్కినా ఫోకస్ కాదు. ఆ లెన్స్ 2.8 మీటర్ల కంటే దగ్గరున్నదాన్ని పట్టుకోలేదట! ఆ సంగతి కాగితం మీద రాసే ఉంది, నేను చదవలేదు.

అద్దె లెన్స్ తిరిగిచ్చేశాక ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను. పది సెంటీమీటర్ల పిట్ట ఆరు మీటర్ల దూరంలో ఉంటే నా 250 లెన్స్‌తో కెమెరా లోపల బొమ్మ పడే సెన్సార్ మీద నాలుగు మిల్లీమీటర్లు వస్తుంది. మూడు మీటర్లకి వస్తే ఎనిమిది దాటుతుంది. దూరం సగమైతే పిట్ట రెట్టింపు. ఎక్కువమంది డబ్బు పెట్టి కొనేది ఈ రెట్టింపునే. నా దగ్గర డబ్బు లేదు, మూడు నెలల పొద్దుటి పూటలు ఉన్నాయి. కాబట్టి లెన్స్ సంగతి వదిలేసి, పిట్టకి దగ్గరవడం ఎలాగో చూడాలనుకున్నాను.

అయితే అద్దె లెన్స్ వారం పూర్తిగా వృథా కాలేదు. నవంబర్ 23న ఒక ఆడ తేనెపిట్ట బాగా పడింది. పొట్ట పసుపు, వీపు మట్టిరంగు. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే గొంతు నుంచి పొట్ట మధ్యగా కిందికి ఒక నల్లటి గీత ఉంది. ఆడపిట్టకి ఆ గీత ఉండదు. పుస్తకం తీసి చూశాను. ఊదా తేనెపిట్టలో మగది జతకట్టే కాలం అయిపోయాక ఆ మెరిసే ఈకలు వదిలేసి, అచ్చం ఆడదానిలా పసుపురంగు వేసుకుంటుంది. మధ్యలో ఆ గీతే ముఖ్యమైన గుర్తు. అంటే నేను రెండు వారాలుగా ఎవరికోసం వెతుకుతున్నానో ఆయన రోజూ నా ముందే తిరుగుతున్నాడు, వేరే చొక్కా వేసుకుని. నవ్వొచ్చింది, నీరసం కూడా వచ్చింది. మళ్ళీ ఊదారంగు వేసుకునేదాకా ఆగడం తప్ప చేసేదేమీ లేదు.

డిసెంబర్ అంతా ఆగడమే. ఊరికే ఆగలేక మట్టి మూకుడులో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి జామచెట్టు కింద పెట్టాను, దాని పక్కనే ఒక ఎండుకొమ్మ గుచ్చాను. పిట్ట నేరుగా నీళ్ళ దగ్గరికి రాదు, ముందు దగ్గర్లో ఎక్కడైనా వాలి నాలుగు వైపులా చూసుకుంటుంది. ఆ వాలే చోటు మనం ఎంచుకుంటే ఫొటో అక్కడ తీసుకోవచ్చు. కొమ్మ వెనకాల మూడు, నాలుగు మీటర్లు ఖాళీ ఉండేలా చూసుకుంటే వెనకంతా మెత్తటి పచ్చదనంలా కరిగిపోతుంది. గింజలు పెడితే పిచ్చుకలే వచ్చాయి. నీళ్ళు పెట్టాక పురుగులు తినే పిట్టలు కూడా రావడం మొదలైంది. తోక నిక్కబొడుచుకుని తిరిగే టైలర్ బర్డ్ వచ్చింది. దాని గొంతు వింటే కాకి అంత పిట్ట అనుకుంటాం, చూస్తే గుప్పెట్లో పట్టేంత. నీళ్ళు రోజూ పొద్దున్నే మార్చాలి, మూకుడు రుద్ది కడగాలి. ఇది ఫొటోకి సంబంధించిన పని కాదు గానీ తప్పించుకోలేం. నలుగురు తాగే చోట జబ్బు త్వరగా అంటుకుంటుంది, పిట్టలకైనా అంతే.

డిసెంబర్ 14న పాత దుప్పటి తీగ మీద ఆరేసినట్టు వేసి, దానికి కన్నం పెట్టి వెనకాల కూర్చున్నాను. గాలికి దుప్పటి ఊగినప్పుడల్లా పిట్టలు ఎగిరిపోయాయి. నేను మామూలుగా కూర్చుంటేనే నయం. కింద ఇటుకలు కట్టాక ఊగడం ఆగింది. ఈలోపు షట్టర్ చప్పుడు ఒకటి బయటపడింది. మొదటి ఫొటోలో పిట్ట ప్రశాంతంగా ఉంటుంది, రెండో ఫొటోలో ఉలిక్కిపడి వంగి ఉంటుంది. నా కెమెరాలో చప్పుడు తగ్గించే సెట్టింగ్ ఉందని కొన్న నాలుగేళ్ళకి తెలిసింది.

క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు ఒక కొత్త పిట్ట దిగింది. పిచ్చుక కంటే చిన్నది, మట్టిరంగు. గొంతు దగ్గర నారింజ రంగు చుక్క పెట్టినట్టుంది. తోక పైకి ఎగరేసినప్పుడల్లా రెండు పక్కలా తెలుపు మెరుస్తుంది. ఎర్రరొమ్ము ఫ్లైక్యాచర్ (రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్). తూర్పు ఐరోపా వైపు గూళ్ళు కట్టుకుని, చలికాలానికి ఇంత దూరం ఎగిరి వస్తుందట. అంత దూరం నుంచి వచ్చి మా మూకుడులో నీళ్ళు తాగుతోందని ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. తేనెపిట్టని కొన్నాళ్ళు మర్చిపోయానంటే నమ్మండి.

ఆ మురిపెంలోనే తప్పు చేశాను. డిసెంబర్ 28న, గదిలోంచే హాయిగా తీసుకోవచ్చని మూకుడునీ కొమ్మనీ కిటికీకి మూడు మీటర్ల దూరానికి జరిపాను. అద్దంలోంచి తీసిన ఫొటోలు పదును తగ్గుతాయని తెలుసు, లెన్స్ అద్దానికి నిటారుగా ఆనించి తీస్తే కొంత నయమని కూడా తెలుసు. బయటి నుంచి చూస్తే ఆ అద్దంలో మా జామచెట్టూ ఆకాశమూ అచ్చంగా కనిపిస్తాయన్న సంగతే తట్టలేదు.

జనవరి 4, ఉదయం తొమ్మిదిన్నర. కాకి ఏదో అరిచింది, మూకుడు దగ్గరున్నవన్నీ ఒక్కసారిగా లేచాయి. నా ముఖానికి ఎదురుగా అద్దం మీద టప్పుమని చప్పుడు. బయటికి పరిగెత్తితే కింద గచ్చు మీద ఫ్లైక్యాచర్ పడి ఉంది. రెక్క ఒకటి విచ్చుకుని ఉంది, నోరు తెరుచుకుని ఉంది. నా చేతులు పనిచెయ్యలేదు. అమ్మే చెప్పుల పెట్టె తెచ్చి, అడుగున మెత్తటి గుడ్డ వేసి, మూతకి చిల్లులు పొడిచి, దాన్ని జాగ్రత్తగా ఎత్తి లోపల పెట్టింది. నేను నోట్లో నీళ్ళ చుక్క వేద్దామంటే వద్దంది. నిజమే, స్పృహ లేని పిట్టకి నీళ్ళు పడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చీకట్లో, సడి లేని చోట వదిలెయ్యడమే మందు. పెట్టె గదిలో పెట్టి తలుపేసి, బయట కూర్చున్నాను. ఈ మూడు నెలల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ నిరీక్షణే. గడియారం చూసుకుంటూ, అంత దూరం క్షేమంగా వచ్చినదాన్ని ఒక ఫొటో కోసం నేను చంపానా అని అదే ఆలోచన. 45 నిమిషాలకి పెట్టెలో గీరుతున్న చప్పుడు వినిపించింది. పెరట్లోకి తీసుకెళ్ళి మూత తీశాను. ఒక్క క్షణం నావైపు చూసి జామచెట్టు మీదికి ఎగిరింది. కెమెరా గదిలో ఉంది. తెచ్చుకోవాలని అనిపించలేదు.

రెండు రోజులు కనబడలేదు. మూడో రోజు ఒక ఫ్లైక్యాచర్ వచ్చింది. అదేనని ఒట్టేసి చెప్పలేను.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నది మీకు చెప్తాను. నీళ్ళో గింజలో పెడితే కిటికీకి మీటరు లోపల పెట్టాలి, లేదా పది మీటర్ల అవతల పెట్టాలి. మీటరు లోపలైతే పిట్ట అద్దానికి తగిలినా అంత వేగం అందుకోదు. మధ్య దూరమే ప్రమాదం, నేను పెట్టింది సరిగ్గా అక్కడే. అద్దానికి బయటివైపు ఐదు సెంటీమీటర్లకి ఒకటి చొప్పున తెల్ల కాగితపు పట్టీలు అంటించాను. లోపలివైపు అంటిస్తే ప్రతిబింబం పోదు. పట్టీలు వచ్చాక ఆ కిటికీలోంచి ఫొటోలు తీయడం కుదరదు. మళ్ళీ చలిలోకే, స్టూలు మీదికే.

జనవరి రెండో వారానికి మావాడికి, అంటే మగ తేనెపిట్టకి, రంగు మొదలైంది. పసుపు మధ్య అక్కడక్కడా నల్ల మరకలు, ఇంకు ఒలికినట్టు. సరిగ్గా 14న నాకు జ్వరం వచ్చింది. మంచులో కూర్చున్న ఫలితమని ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా తేల్చారు. వారం రోజులు మంచం. 19న అమ్మ కాఫీ తెచ్చిస్తూ మామూలుగా అంది.

"నీ నల్లపిట్ట రోజూ స్నానానికి వస్తోందిరా."

లేచి కూర్చున్నాను. "ఎక్కడికి?"

"గోడవైపు మందారం మీదికి. నేను నీళ్ళు పెట్టిన పది నిమిషాలకి దిగుతుంది. తడి ఆకుల మీద పడి దొర్లుతుంది చూడు, చంటిపిల్లలా."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఇన్నాళ్ళూ నీళ్ళు పెట్టనిచ్చావా? పదింటిదాకా పైపు ముట్టుకోవద్దన్నావుగా. పది దాటాక పెడితే అది రాదు. కిందటేడంతా వచ్చేది."

ఆ రోజు జ్వరం తగ్గిందో పెరిగిందో గుర్తులేదు. తేనెపిట్టలు మూకుడులో దిగడం కంటే తడిసిన ఆకుల మీద ఒళ్ళు రుద్దుకుని స్నానం చెయ్యడానికే ఇష్టపడతాయి. అది వచ్చే దారిని నవంబర్ 9న నేనే మూయించాను. రెండు నెలలకి పైగా లెన్సులూ దుప్పట్లూ అంటూ దాని చుట్టూ తిరిగాను.

జనవరి 25న లేచి మళ్ళీ స్టూలు మీదికి చేరాను. అమ్మ నీళ్ళు పెట్టింది, పిట్ట వచ్చింది, ఇరవై ఫొటోలు తీశాను. ఇరవైలోనూ నల్ల ముద్ద. అప్పటికి ఒంటి నిండా రంగు వచ్చేసింది, కంటికి కనిపిస్తోంది కూడా, ఫొటోలో మాత్రం బొగ్గు. ఆ మెరుపు ఈకలో ఉన్న రంగు కాదు. ఈక లోపలి నిర్మాణం మీద వెలుతురు పడి వెనక్కి తిరిగినప్పుడు పుట్టేది. ఎండ నా వీపు వైపు నుంచి వెళ్ళి పిట్టకి తగిలి నావైపు తిరగాలి. నేనేమో సూర్యుడికి ఎదురుగా కూర్చున్నాను. ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుతురు) ఎంత పెంచినా వెనకున్న ఆకాశం తెల్లబోయింది తప్ప ఊదా రాలేదు.

అంటే తూర్పు గోడకీ మందారానికీ మధ్య కూర్చోవాలి. అక్కడున్నది ఆరడుగుల సందు. నా లెన్స్‌కి అది చాలు. కానీ గోడ నీడ ఆ మొక్క మీద నుంచి తొలగడానికి 8:40 అవుతుంది. అమ్మ నీళ్ళు పెట్టేది ఎనిమిదింటికి. బేరం మొదలైంది.

"ఎనిమిదిన్నరకి పెడతావా?"

"మొన్న పదన్నావు, ఇప్పుడు ఎనిమిదిన్నరా? ఆ పిట్టని అడిగావా?"

ఒప్పుకుంది. ఫిబ్రవరి 1న ఆ సందులో గోడకి ఆనుకుని కూర్చున్నాను. చీమలు, సాలెగూళ్ళు. పిట్ట గోడ మీద వాలి, నన్ను చూసి, వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఆఫీసుకి వెళ్ళే ముందు కెమెరా లేకుండా ఊరికే అక్కడ కూర్చుని కాఫీ తాగాను. అలవాటు పడుతుందని. గురువారం వచ్చింది. శుక్రవారం వచ్చింది. 7న కెమెరాతో కూర్చుంటే మొక్కకి అవతలివైపు స్నానం చేసి పోయింది.

8న, ఆదివారం, 8:47కి దిగింది. నాకు ఎదురుగా రెండడుగుల ఎత్తున్న కొమ్మ మీద, తడి ఆకు మీద ఛాతీ ఆనించి రెక్కలు టపటపలాడించింది. పదకొండు సెకన్లు. షట్టర్ 1/1250, లెన్స్ ద్వారం ఎఫ్ 6.3, ఐఎస్‌ఓ 800. తడి ఆకుల మీది మెరుపు కాలిపోకుండా ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి ఉంచాను. ముందు వారాల్లో ఒకేసారి బరబరా నొక్కి, బఫర్ (ఫొటోలు తాత్కాలికంగా నిలిచే చోటు) నిండి కెమెరా మొరాయిస్తే అసలు క్షణం పోగొట్టుకున్నవాణ్ణి, కాబట్టి మూడేసి చొప్పునే నొక్కాను. 14 వచ్చాయి. వాటిలో ఒకటి తల ఇటు తిప్పినప్పటిది. కంట్లో గోడ అంచు కనిపిస్తోంది. మెడ ఊదా, భుజం నీలం, రెక్క కింద నారింజ రంగు కుచ్చు, చుట్టూ గాల్లో నీటి చుక్కలు. కెమెరా తెర మీద చూసుకుంటే చేతులు వణికాయి. ఆ రోజు ఇంకో ఫొటో తియ్యలేదు.

అమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "బాగుంది. నీళ్ళు కూడా బాగా పడ్డాయి," అంది.

ఖర్చులో ఎవరూ చెప్పనిది ఒకటుంది. రా ఫైల్స్ (కెమెరా మార్చకుండా అలాగే దాచే ఫొటోలు) ఒక్కోటి 25 ఎంబీ చొప్పున 280 జీబీ దాటాయి, విడిగా హార్డ్‌డిస్క్ కొనాల్సి వచ్చింది. వాటిని చూసి తీసెయ్యడానికి రోజూ రాత్రి గంట పట్టేది. ఏ రోజువి ఆ రోజే తీసెయ్యండి, వారం ఆగితే ప్రతి మసక ఫొటో మీదా మమకారం పుడుతుంది.

ఫిబ్రవరి 22న ఆడపిట్ట నా సందులోని సాలెగూళ్ళు ముక్కుతో పీకడం చూశాను. ఎక్కడికి మోస్తోందా అని చూస్తే, మందారం చివరి కొమ్మకి, నా స్టూలుకి నాలుగడుగుల దూరంలో, ఇంకా గూడని చెప్పలేనంత చిన్న పీచుముద్ద వేలాడుతోంది. కెమెరా బ్యాటరీ తీసి బ్యాగులో పెట్టేశాను. స్టూలు తియ్యబోతుంటే అమ్మ వరండాలోంచి కేకేసింది.

"అది ఇటు తెచ్చెయ్యరా. నేను ఇక్కణ్ణుంచి చూస్తాను."